ఇరవైకి ఒకటి తక్కువ

అయ్యా,
ఇది రెండో అప్పీలు.
మొదటిది ఆయనే రాశాడు,
ప్రతి వాక్యం సావధానంలో నిలబడి సెల్యూట్ కొట్టినట్టు.
మీరు నాలుగు లైన్లలో తిప్పి పంపారు.
అందులో ఒక లైను ఆయన నంబరు, ఒక లైను తేదీ.
ఇది నేను చెబుతుంటే
రాజోలు సెంటర్లో టైపింగ్ కుర్రాడు కొడుతున్నాడు.
మధ్యలో వేళ్ళు ఆపి
'ఇదీ పెట్టాలాండీ?' అంటాడు.
పెట్టమన్నాను.

నల్లి ఏసుపాదం, హవల్దారు, ఫిరంగుల రెజిమెంటు.
ఇరవై రెండేళ్ళు.
అందులో పదకొండు ఫిరంగి పక్కనే,
చెవుల్లో దూది ఉండలతో.
ఆ దూది కూడా వాళ్ళిచ్చింది కాదు,
నేను దిండు విప్పి పంపిన బూరుగు దూది.

మీ బోర్డు ఆయన్ని అద్దాల గదిలో కూర్చోబెట్టి
చెవులకి డిప్పలు తగిలించి
పందొమ్మిది శాతం అని రాసింది.
ఇరవై అయితే పింఛను.
పందొమ్మిదైతే సలాం.

శాతాలు నాకు తెలియనివి కావు.
మాది కొబ్బరి ఊరు.
వంద కాయలు లెక్కపెడితే
షావుకారు ఇంకో నాలుగు కొసరు పట్టుకుపోతాడు,
రసీదు ఉండదు, బోర్డు ఉండదు.
మీ దగ్గరికొచ్చేసరికి
ఒక్క కాయకి రెండు అప్పీళ్ళు.

డాక్టరు గారు అడిగారంట, వినబడుతోందా అని.
ఈయన పెదాలు చూసి 'హా సాబ్' అన్నాడంట.
ఆ మనిషి అంతేనండి.
అక్కడ సాబ్, ఇక్కడ ఆయ్.
ఎరువుల కొట్టువాడు రేటు పెంచితే ఆయ్.
పాస్టరు గారు ఒంట్లో ఎలా ఉందంటే ఆయ్.
మా వదిన పోయిందని ఫోనొస్తే
దానికీ ఆయ్ అన్నాడు, నవ్వుతూ.
ఆ నవ్వు వాళ్ళింట్లో ఇంకా ఎవరూ మర్చిపోలేదు.

చర్చిలో అందరూ పాట ఆపేశాక
ఒక్క గొంతు ఇంకో ముక్క పాడేది.
పిల్లలు వెనక్కి తిరిగేవారు.
నేను మోచెయ్యి పట్టుకునేదాన్ని.
ఇప్పుడు పెదాలు కదుపుతాడు, అంతే.
ఇది ఎన్నో శాతం కిందకొస్తుందో
మీ పుస్తకంలో చూడండి.

రాత్రుళ్ళు ఆయన చెవిలో కీచురాయి.
మాకు వాన వెలిశాక వినబడేది
ఆయనకి నడి వేసవిలో కూడా.
లేచి తలుపు తీసి కాలవ గట్టున నిలబడతాడు,
చప్పుడు బయటిదేమో
చూసి రావడానికి.

మీ మిషను ఆయన చెవిని కొలిచింది.
నా గొంతుని కొలవలేదు.
పెళ్ళినాటికి నాది గోడవతలకి వినబడని గొంతు.
ఇప్పుడు మా ఇంటి గుట్టు వీధి చివర టైలరుకి కూడా తెలుసు.
అప్పు, అల్లుడు, బీపీ బిళ్ళ,
ఏదైనా అరిచే చెప్పాలి.
మా ఇద్దరి మధ్యా రహస్యం అనేది లేక
ఎనిమిదేళ్ళు.

అయినా నేను అప్పీలు మాటెత్తలేదు
మొన్న దింపు రోజు దాకా.
చెట్టు మీంచి సత్తిపండు అరిచాడు, తప్పుకోండీ అని.
మళ్ళీ అరిచాడు.
ఈయన కింద వంగి
బోదెలో నీళ్ళు మళ్ళిస్తున్నాడు.
గెల జానెడు పక్కన పడింది.
మట్టి మొహాన చిమ్మితే అప్పుడు తలెత్తి
ఆకాశం వైపు చూశాడు,
ఎవరో పిలిచినట్టు.
సత్తిపండు చెట్టు దిగి
అరగంటసేపు బీడీ వెలిగించలేకపోయాడు.

ఆ జానెడే, అయ్యా,
నేనడిగే ఒక్క శాతం.
కొసరు కాదు. అసల్లోది.

కుర్రాడు ఇక్కడ ఆగాడు.
'ఇట్లు' కింద ఎవరి పేరండీ అన్నాడు.
ఆయన పేరే కొట్టించి, ఆయన చేతే సంతకం పెట్టించి,
కాకినాడ ఆసుపత్రి కాగితాలు, డిశ్చార్జి పుస్తకం నకలు
అన్నీ కలిపి కవరు అంటించాను.

పోస్టాఫీసులో అమ్మాయి కవరుని తూకం మీద పెట్టి
'ఇరవై దాటిందండి' అంది.
ఆయన నా వైపు చూశాడు, ఏమంటోందని.
ఈసారి నేను అరవలేదు.
పెదాలతో మాత్రం అన్నాను.
ఆయ్, అన్నాడు,
జేబులో చిల్లర వెతుక్కుంటూ.