ఊపిరి బెజ్జం

కూర్మారావు అంబాసిడరు మూడోసారి వచ్చింది షెడ్డుకి.
ఆమదాలవలస గేటు పడి ఉంది.
బొగ్గు గూడ్సు దాటేలోపు
సిమెంటు గచ్చు మీద నల్లటి బొట్టొకటి,
దాని పక్కన ఇంకోటి.

"ఏటి ముఖలింగం, మల్లీ కారతంది" అన్నాడు.
గొంతులో కోపం లేదు.
అదే నాకు బాగోలేదు.

వేలికి రాసుకుని వాసన చూశాను.
ఇంజనాయిలు కాదు, బ్రేకుది కాదు,
కుళ్లిన వెల్లుల్లి కంపు. తొంభై నంబరు గేరాయిలు.
వెనక ఇరుసు మధ్య ఆ ఇనప కుండ, క్రౌను,
జలుబు చేసిన పిల్లాడిలా ముక్కు కారుస్తోంది.

మొదటిసారి పినియను సీలు మార్చాను.
రెండోసారి సీలే నాసిరకమన్నాను,
విశాపట్నం నుంచి మంచిది తెప్పించాను,
ఫ్లాంజి మీద గాడి పడిందని గోటితో గీకి చూపించాను,
ఉప్పుకాయితం పెట్టి గోరు జారేదాకా రుద్దాను.
నట్టు మీద పంచితో చుక్క పెట్టి
చుట్లు లెక్కపెట్టి విప్పి
మళ్లీ ఆ చుక్క దగ్గరికే బిగించాను.
వెంట్రుకవాసి ఎక్కువైతే బేరింగులు ఏడుస్తాయి,
తక్కువైతే పళ్లు పళ్లు కొరుక్కుంటాయి.
పనిలో తప్పు లేదు. ఇప్పటికీ ఒట్టు.

ఈసారి డీజిలుతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి
మా పిల్ల పౌడరు డబ్బా సగం కుమ్మరించాను.
పిండిలో దొర్లిన పిల్లిలా తేలింది ఇరుసు.
సికాకుళం పాతవంతెన దాకా పోయి వచ్చాం.
దారిలో చెప్పాడు:
"రేత్రి కొత్తూరు నుంచి పురుటి కేసు తెచ్చినాను.
ఎనక సీట్లోన ఆ పిల్ల మూలుగుతాదా,
సీటు కింద బండి మూలుగుతాదా,
ఏది ఏదో తెలకుండా
ఇరవై స్పీడులోన ఈడ్సుకొచ్చినాను."

కిందికి దూరాను.
తెల్లటి పౌడరులో ఒకటే చార,
సీలు పెదవి నుంచి, మళ్లీ అక్కణ్ణుంచే.
చెయ్యి కాలుతుండగానే ఆయిలు పోసే మూత తిప్పాను.

ఉస్సుమంది.
గోలీసోడా కొట్టినట్టు.
గాలి! లోపల ఇంత గాలి!

ఇరుసు పైన, ఎవరూ చూడని చోట
చిటికెన వేలి కొసంత బొడిపె ఉంటుంది.
వేడెక్కిన క్రౌను ఊపిరి వదిలేది
దాని బెజ్జంలోంచే.
తడిమాను. బెజ్జం లేదు.
నల్లరంగు. నున్నగా. రెండు పూతలు.

ఆ రంగు నాకు తెలుసు.
మార్చిలో ఎఫ్సీకి పంపేముందు
తుప్పు కనపడకూడదని
అడుగంతా నల్లగా కొట్టింది నేనే.
నాలుగొందలు పుచ్చుకున్నాను.
కొత్త బండిలాగుందని టీ కూడా ఇప్పించాడు.

నోరు నొక్కింది నేను.
ముక్కు కారుతోందని
ముక్కు మార్చింది నేను, రెండుసార్లు.

సైకిలు పుల్లతో బెజ్జం పొడిచాను.
పెచ్చు లేచి కంట్లో పడింది.
పనైపోయినా కిందే పడుకున్నాను కాసేపు.
అక్కణ్ణుంచి కూర్మారావు చెప్పులే కనపడతాయి,
ఎడమ దాని పట్టీకి రాగితీగ కట్టి ఉంది.

"ఏటి తేలింది?" అన్నాయి చెప్పులు.

"రంగు."

"ఏ రంగు?"

"నేనేసిందే."

చాలాసేపు చెప్పులు కదల్లేదు.
తర్వాత బొటనవేలు ఒకటి
గచ్చు మీది పాత బొట్టుని నెమ్మదిగా రుద్దింది.
"మరైతే సీలు డబ్బులో?"

జేబులో ఉన్నవి మూడొందలు, ఇచ్చాను.
మిగతావి శుక్రవారం అన్నాను.
లెక్కపెట్టుకున్నాడు, వెళ్లలేదు.
పాత టైరు మీద కూర్చున్నాడు, నేనూ కూర్చున్నాను.
పలాస ప్యాసింజరు పోయింది, ఇంకో గూడ్సు పోయింది.
ఇద్దరం నేలకేసే చూస్తున్నాం.
పడలేదు.

రాత్రి మా పిల్ల పౌడరు డబ్బా
చెవి దగ్గర పెట్టుకుని ఊపింది,
నాకేసి చూసింది.
ఆ సంగతి ఇంకా ఒప్పుకోలేదు.