బద్దలు

పిక్క పెట్టడం, పెడలు తొక్కడం, పప్పు తీయడం.
చేతులకి తెలుసు, నాతో పని లేదు.
కాశీబుగ్గలో ఈ బల్ల ముందు కూర్చుని
నేను ఇంకా రాత్రి ఇంట్లోనే ఉన్నాను,
పెద్దోడి మీద విసిరిన మాట దగ్గర.

టక్. గుండు రావాల్సింది, బద్ద.
మళ్లీ టక్. మళ్లీ బద్ద.
"నీ చేతులు పడిపోను" అన్నాను,
నా చేతుల్నే.
తూకం దగ్గర మేస్త్రీ బద్దలకి ఎంత కోస్తాడో లెక్కుంది.
ఇంటికెళ్లి నన్ను నేనెంత కోసుకుంటానో
దానికి లెక్క లేదు.

పక్క మిషను మీద ఊర్వశి, చేరి నాలుగు రోజులు.
దాని గిన్నెలో అన్నీ బద్దలే.
కళ్లలో నీళ్లు, జీడి అంటిన వేళ్లతో తుడుచుకోబోయింది.
చెయ్యి పట్టుకున్నాను.
"ఏటైపోనాదిప్పుడు గుంటా,
బద్దకి రుచి నేదేటి?
ఎల్లు, బూడిద రాసి కడుక్కో, నీళ్లు తాగు.
పిక్కలెక్కడికీ పారిపోవు."

ఆ గొంతు ఎవరిదా అని చూశాను.
ఇరవై రెండేళ్లుగా నా పీకలోనే ఉంది,
ఒక్కసారీ ఇటు తిరిగి పలకలేదు.

నేనూ లేచాను.
బూడిద గరగర, వేళ్ల సందుల్లో మంట.
కుండనీళ్లు గొంతు దిగి ఛాతీ దాకా
ఎక్కడెక్కడ వెళ్తున్నాయో తెలిసింది.
పలాస స్టేషన్లో ఏదో బండి కూత.
రోజూ కూస్తుందేమో.

మళ్లీ కూర్చున్నాను. పిక్క పెట్టాను,
పెడలు మీద పాదాన్ని చూసుకుంటూ తొక్కాను.
బద్దే.

"పోన్లేవే గుంటా" అన్నాను మెల్లగా.
ఊర్వశి తననే అనుకుని తలూపింది.