యాభై మైక్రోసెకన్లు

ఉత్తర నార్వేలో, స్కార్వోయ దీవి రేవులో ఒక కొయ్య గుంజ,
గుంజకో స్విచ్చు, పైన ఒక పచ్చదీపం.
పడవ కావలసినవాళ్లు నొక్కాలి.
దీపం కనబడితే తోర్గెయిర్ చుక్కాని తిప్పుతాడు,
లేకపోతే ఆ దీవే లేనట్టు సాగిపోతాడు.

నేను రాసే కోడూ అంతే.
తీగ మీద ఒక ప్యాకెట్ వచ్చి వాలుతుంది,
నెట్‌వర్క్ కార్డు గంట కొడుతుంది,
ప్రాసెసర్ చేతిలో పని వదిలేసి లేస్తుంది.
ఒక్క చుట్టానికైతే బాగానే ఉంటుంది ఈ మర్యాద.
సెకనుకు పది లక్షలమంది తలుపు తడితే
లేవడం, కూర్చోవడం, లేవడం.
వండిందీ లేదు, వడ్డించిందీ లేదు.

అందుకని మొదటి గంట వినగానే
దాని నాలుక పట్టేసుకుంటాం.
ఇక మేమే వెళ్లి చూస్తాం,
విడతకు అరవై నాలుగు, అంతకుమించి ఎత్తం.
అరవై నాలుగే ఎందుకని అడక్కండి.
నాకంటే ముందువాళ్లు పెట్టారు, నడుస్తోంది.

పోయిన చలికాలం నేను ఇంకొంచెం తెలివి చూపించాను.
ఒక్క ప్యాకెట్ కోసం లేవడమెందుకు,
యాభై మైక్రోసెకన్లు ఆగుదాం, నలుగురూ పోగవనీ.
గ్రాఫు లేచింది. పద్దెనిమిది శాతం.
ఓస్లో నుంచి హాల్వార్ "బాగుంది" అని రాశాడు,
అతను ఒక్క ముక్క రాయడమే పండగ.
గ్రాఫు కుడి చివర, నూటికి ఒక్కరుండే చోట,
సన్నగా ఒక తోక పెరిగింది.
తోకే కదా అనుకున్నాను.

అదే చలికాలం పడవ కంపెనీ కూడా లెక్క వేసుకుంది:
దీపం వెలిగినా సరే, వెళ్లేటప్పుడు ఆగొద్దు,
తిరిగొచ్చేటప్పుడు అందర్నీ ఒకేసారి ఎక్కించుకో.
డీజిల్‌లో మూడోవంతు ఆదా.
కిటికీలోంచి చూశాను. మంచువానలో పచ్చచుక్క,
దాని కింద బోర్గ్‌ని, చేతుల్లో కోడిగుడ్ల అట్టపెట్టె.
"చూశావా?" అన్నాను.
"చూశాను," అన్నాడు తోర్గెయిర్, చుక్కాని తిప్పకుండా.

గంట మోగడానికీ గంట గడవడానికీ
ఎంత దూరమో ఆవిడకు తెలుసు.

తిరుగుదారిలో ఎక్కాక, నా తప్పు కాకపోయినా
ఏదో సర్దిచెప్పబోయాను. నవ్వేసింది.
"ఇప్పుడు ఇల్లు కదలకముందే నొక్కిస్తున్నా,
పక్కింటి కుర్రాడి చేత.
ఒక్కోసారి మనసు మారితే అసలు వెళ్లనే వెళ్లను."
తోర్గెయిర్ ఈల ఆపేశాడు.
ఖాళీ రేవులో తను ఎన్నిసార్లు ఆగాడో
అప్పుడు లెక్కకు వచ్చినట్టుంది.
ఆ మూడోవంతులో ఎంత తిరిగి కారిపోయిందో
ఏ గ్రాఫూ గీయలేదు.

ఆ రాత్రి యాభైని ఇరవై చేశాను.
ఏడు శాతం పడిపోయింది. సున్నా చేశాను.
ప్రాసెసర్ కాగి ఫ్యాను అరిచింది.
మళ్లీ ఇరవై. మళ్లీ యాభై.
హాల్వార్ అడిగాడు, ఎవరి కోసం ఇదంతా?
ఏం చెప్పను, తీగ మీద పేర్లుండవు.

చివరికి అంకెను కోడులోంచి పీకి బయట పెట్టాను,
ఎవరికి కావలసినంత వాళ్లు మార్చుకునేలా.
తేల్చుకోవడం చేతకాని చోట
మేము దాన్ని సెట్టింగ్ అంటాం.
ఎవరూ మార్చరనీ తెలుసు.
ఏదీ ముట్టుకోనివాళ్లకు ఎంత ఉండాలన్నది
ఇంకా నా నెత్తి మీదే.
ఆ గడిలో కర్సర్ వెలుగుతోంది, ఆరుతోంది.
ఇప్పటికి యాభై అనే ఉంది.