నలభై ఏడో గడి

తిరుపతి ప్రసూతి వార్డులో రాత్రి రెండున్నర.
కుడిచేతిలో స్టాప్‌వాచ్,
ప్యాడ్ మీద నా థీసిస్ గళ్లు:
బిడ్డ పడిన క్షణం,
బొడ్డుతాడు కొట్టుకోవడం ఆగిన క్షణం.
నా రెండేళ్ల ఎమ్మెస్సీ నర్సింగ్ అంతా
ఆ రెంటి సందులోనే.

"ఇంకా కత్తిరించలేదా?" డ్యూటీ డాక్టరు విసుగు.
ఎడమచేతి రెండు వేళ్ల మధ్య ఆ తాడు
నీలంగా, వెచ్చగా,
పాలు తాగే దూడ గొంతులా కదుల్తా ఉంటుంది.
ఆయా కుప్పమ్మ చీపురు ఆపి,
"దాని పని అయిపోతే అదే చెప్తాది మే, తొందరేల?"
ఆ మాటను ఏ రెఫరెన్సు కింద రాయాలో
సుగుణమణి మేడమూ చెప్పలేకపోయారు.

నలభై ఆరుగురు బిడ్డలు, నలభై ఆరు అంకెలు.
నలభై ఏడు, నగరి మగ్గాల వీధి వళ్లియమ్మ.
తోడు ఎవరూ రాలేదు. మొగుడికి నైట్ షిఫ్టు.
నూలు కోసిన గరుకు వేళ్లతో పట్టుకునింది
నా చెయ్యి, వాచీ ఉన్న చెయ్యే.
"ఒదలొద్దక్కా."

ఒదల్లేదు.

బిడ్డ ఏడ్చింది. తాడెప్పుడు నిద్రపోయిందో
కుప్పమ్మకు తెలుసేమో.

వైవాలో పెద్దాయన కళ్లజోడు సర్దుకొని
"ఈ గడి ఖాళీ ఎందుకమ్మా?"
నూట ఇరవైలో ఒకటేగా, అన్నారు మేడం పక్కనుంచి.
సమాచారం అందలేదు సార్, అన్నాను,
పద్ధతిగా.

అలిపిరి బస్సు కిక్కిరిసి ఉంది.
మణికట్టు మీది గోళ్ల గాట్లు మానిపోయి నెలలయింది.
కుదుపుకి ఎడమచేత్తో కడ్డీ పట్టుకున్నా.
కుడిచెయ్యి ఎందుకో
ఖాళీగానే ఉంచుకున్నా.