రెండు మిల్లీలు పైకి

అద్దం మీద పేరుంటది.
ఉత్త కంటికి కనబడదు.
నోటి ఆవిరి ఊది, ట్యూబులైటుకు అడ్డంగ పట్టి
ఒక కన్ను మూసుకొని చూడాలె.
ముసలామె చెయ్యి మీద పాత పచ్చబొట్టు లెక్క
సన్నగ తేలుతది ఒక అక్షరమో, సున్ననో.
ఆవిరి ఆరేలోపల చదువుకోవాలె.

నల్లగొండ ప్రకాశం బజారుల జహీరుద్దీన్ సాబ్ దుకాణం.
వెనక అర్రల సాన నాది, పందొమ్మిదేండ్ల సంది.
నేను పోయిన దూరం కోఠి దాకనే,
అదీ లెన్సుల పార్సిలు తెచ్చేటందుకు.
అయినా నా బల్ల మీదికి దేశాలొస్తయి.

మస్కట్ల తాపీపని చేసొచ్చిన సైదులు
జపాన్ పేరు తప్ప ఇంకోటి ముట్టడు.
"ఆడ అందరు అదే అడుగుతరు భాయ్."
కువైట్ దవాఖాన నుంచి సెలవుల మీదొచ్చిన మేరీ సునంద
జర్మనీదాన్ని రుమాల్ల చుట్టి తెస్తది,
నన్ను గూడ వేలు పెట్టనియ్యది.
ఆమె మేనత్తకేమో
టీవీల నీళ్లు పోస్తే జారిపోయేది గావాలె.
హాలియా పంతులు
ఫ్రాన్సుది గట్టిదా, మనది గట్టిదా అని
కాయిదం మీద రాసుకొచ్చుకున్నడు.
సాబ్ నవ్వుతడు:
"ఏ బాయి నీళ్లు తాగినోనికి ఆ బాయే తీపి."

సాన మీద పెట్టినంక
అన్ని దేశాలు ఒక్క తీరుగనే కూస్తయి,
ఒక్క తీరు తెల్లపిండి రాలుస్తయి.
పొద్దుమూకి ఊడ్చి ఎత్తితే
ఏది జపానో ఏది జర్మనో
చేటకు తెల్వది.

మొన్న మంగళారం
మర్రిగూడ దిక్కు నుంచి ఐతగోని ముత్తిలింగం వచ్చిండు.
బాయి నీళ్లు వంచిన నడుము.
మెడ లేవదు.
కుర్చీల కూసుంటే చూపు పోయి
తన మోకాళ్ల మీదనే పడుతది.
కనుబొమ్మల కింది నుంచి గుడ్లు పైకి గుంజి
బోర్డు చదివిండు, నాలుగో వరుస దాక.

"ఇరవై ఆరేండ్లు తాళ్లు గీసిన బిడ్డా.
ఇప్పుడు తమ్ముని కొడుకు ఎక్కుతుండు.
మోకు సరిగ బిగిచ్చిండో లేదో
కింద నిలబడి నేను చూడాలె.
ఎంత కంపెనీ అద్దమైనా
మొగులు కాడికొచ్చేసరికి మసక."

మూడు జతలు బల్ల మీద పెట్టిండు.
ఊది చూసిన. మూడు దేశాలు.
దొంగ మాలు ఒక్కటి లేదు.
మూడింటి లెక్క మటుకు ఒకటే:
మనిషన్నంక మెడ నిటారుగ ఉంటది,
దూరమంటే ఎదురుంగ ఉంటది.
ఏ దేశపోడు పట్టిన స్కేలు మీద గూడ
మర్రిగూడ మెడ లేదు.

సాబును అడగలే.
పేరు లేని కవరుల నుంచి కోఠి లెన్సు తీసిన,
నూటెనభై రూపాయలది.
చుక్క పెట్టేకాడ మార్కరు ఆగింది.
రెండు మిల్లీలు పైకి.
చాలదనిపించింది.
ఇంకో రెండు.
దగ్గరి చూపు గీతను గూడ ఎత్తిన,
ముక్కు దిండ్లు వంచి ఫ్రేమును నొసటి దాక జరిపిన.
ఆయనది గీతపనే, నాది గీతపనే.
ఆయన కత్తి తాటిగెల మీద, నా రాయి అద్దం మీద.
వెంట్రుకంత తప్పితే
ఆడ చెట్టు ఎండుతది, ఈడ చూపు.

పెట్టుకొని బయటికి నడిచిండు.
బజారుల తాటిచెట్టు యాడిది?
ఎదురుంగ సెల్లు టవరున్నది.
మెడ అట్లనే ఉన్నది, గుడ్లు పైకి పోయినయి.
శానసేపు ఏం మాట్లాడలే.
"గద్ద," అన్నడు.
మల్ల కొంచెం ఆగి,
"తోక చీలి ఉన్నది."

పైసలిస్త అడిగిండు:
"దీని పేరేంది బిడ్డా? ఊర్లె అడుగుతరు."
నేను అద్దం తీసుకొని ఊదిన.
ఆవిరి పట్టింది. ఆరిపోయింది.
ఏం తేలలే.
ఆయన గూడ ఒకసారి ఊది చూసి
తువ్వాల కొసతోని తుడవబట్టిండు.
"తువ్వాలతోని వద్దు తాతా, గీతలు పడ్తయి" అన్న.
ఇనలే.