ఎడమచెయ్యి

యాభై రెండో ఏట
నాకు ముడులు నేర్పారు.

ఎవరూ ఒప్పుకోకపోతే
హెడ్మాస్టరు నా పేరు రాసి పంపాడు.
చండూరు బడికి గైడ్ కెప్టెన్ కావాలట,
ఎవరో ఒకరు.

నల్లగొండలో ఏడు రోజులు.
లతీఫ్ సాబ్ గుట్ట కనపడేంత దూరంలో రేకుల షెడ్డు,
మే నెల రేకు.
కింద ముప్పై ఒక్కమంది టీచర్లం, నీలం చీరల్లో,
ఇన్నేళ్లూ పిల్లలను లేపి కూర్చోబెట్టినవాళ్లం
విజిలుకు లేచి విజిలుకు కూర్చుంటూ.

క్లోవ్ హిచ్ నాకు రాలేదు.
ఇరవై ఆరేళ్లు బోర్డు మీద ఘర్షణ పాఠం చెప్పినదాన్ని,
తాడు నా చేతుల్లోంచి
పాములా జారిపోయింది.

జహీరుద్దీన్ సార్ తిట్టలేదు.
"పిల్ల ముడేస్తుంటే
మీ చేతులు జేబులో పెట్టుకోండమ్మా.
ఈ కోర్సంతా అదే" అన్నాడు.
"చీరకు జేబుండదు సార్" అన్నాను.
షెడ్డంతా నవ్వింది.
ఆయన నవ్వకుండా కాసేపు ఆలోచించి
"అయితే వెనక్కి కట్టుకోండి" అన్నాడు.

చివరి రోజు
ఎడమచేత్తో చెయ్యి కలపడం నేర్పాడు.
గుండె వైపు చెయ్యి అని ఏదో కారణం చెప్పాడు,
నేను నోటుబుక్కులో రాసుకుని మర్చిపోయాను.

జూన్‌లో బడి తెరిచాక
బొమ్మగాని నవనీతకు తాడిచ్చాను.
రెండు చుట్లు, ఒక గుంజు. అయిపోయింది.
"ఎవరు నేర్పిన్రే?"
"మా నాయిన మోకు గిట్లనే ఏస్తుండె టీచర్."
ఏస్తుండె.
ఆ మాటలో ఏదో తెగిపోయిందని
నాకప్పుడు వినపడలేదు.

తర్వాత దాని డైరీలో చదివాను.
రోజుకో మంచిపని రాయాలి కదా,
మిగతా పిల్లలు కుక్కకు నీళ్లు, ముసలవ్వకు రోడ్డు.
ఇది మాత్రం నూట పద్నాలుగు రోజులు ఒకే వాక్యం:
నాయిన అంగీ గుండీలు పెట్టిన.
ఒక ఆదివారం మాత్రం:
నాయిన తనే పెట్టుకుంట అన్నడు, ఊకున్న. రెండు పెట్టుకున్నడు.

తృతీయ సోపాన్ పరీక్షకొచ్చినాయన
ఎర్ర సిరాతో గీత గీశాడు.
ఇంటిపని లెక్కకు రాదు.

నేను గొంతు పెంచే మనిషిని కాదు.
ఆ రోజు పెంచాను.
తాటి మీంచి పడ్డాక ఈదయ్య కుడిచెయ్యి
భుజానికి వేలాడే సంచిలా ఉంటుందని చెప్పలేదు,
అది ఆ పిల్ల చెప్పుకోవాల్సిన సంగతి.
ఆదివారం పేజీ తీసి
"ఇది చదవండి సార్" అన్నాను, అంతే.
ఊకున్న అన్నచోట
ఆయన పెన్ను ఆగింది.
ఏడు రోజుల షెడ్డులో నేను నేర్చింది
ఆ పిల్ల ఎనిమిదో తరగతిలోనే రాసింది.

బ్యాడ్జీల రోజు
ఈదయ్య వెనక వరుసలో కూర్చున్నాడు,
కండువా కింద కుడిచెయ్యి దాచుకుని.
పెళ్లిళ్లకు పోవడం మానేశాడట.
ఎవరన్నా చెయ్యి చాపితే
తను చాపేది లేక.

తల్లిదండ్రులను స్టేజీ మీదికి పిలిచారు.
మెట్లెక్కుతూ ఆగాడు.
ఎదురుగా పంతొమ్మిదిమంది పిల్లలు,
పక్కన జిల్లా సార్లు,
అందరివీ ఎడమచేతులు
ఆయన కోసమే చాపినట్టు.

ఒక్కొక్కరికీ ఇచ్చాడు.
తాటిమట్ట గీతలు పడిన చెయ్యి,
గట్టిగానే పట్టుకున్నాడు, నా వేళ్లు నొచ్చాయి.
దిగేటప్పుడు బిడ్డను అడగడం విన్నాను:
"వీళ్లకు నా సంగతి ఎవరు జెప్పిన్రే?"
"ఎవ్వరు జెప్పలే నాయినా. గిది రూలు."

ఆయన నమ్మలేదు.
నాకూ ఇప్పుడు ఆ రూలు కారణం
నోటుబుక్కులో వెతకబుద్ధి కావడం లేదు.

ఫొటోకు నిలబెట్టారు.
నవనీత స్కార్ఫు ఒక పక్కకు ఒరిగింది,
కొత్త బ్యాడ్జీ సగం కప్పేసింది.
సర్దబోయాను.

ఈదయ్య వంగి
ఎడమచేత్తో, మెల్లగా, రెండుసార్లు తప్పి,
మూడోసారి లాగాడు.
ఇంకా కాస్త వంకరే.

నా చేతులు వెనకే ఉన్నాయి.