గారు పెట్టాలా, వద్దా

శనివారం రాత్రి పదకొండు.
చిలకలగూడల నా దుకాణం షట్టర్ సగం దించి
రెండు దుప్పట్లు కలిపి కుట్టిన గుడ్డ నేలంతా పరిచిన.
బోర్డులు రాసే పని నాది, ముప్పై ఏండ్ల సంది.
ఫ్లెక్సీలొచ్చి నా కుంచెలను మింగినయి గని
చెయ్యి ఇంకా మరువలేదు.

ఏం రాద్దామని అడిగిన.
ఏడుగురం ఉన్నం, తొమ్మిది జవాబులొచ్చినయి.
సిల్వెస్టర్ చెప్పింది రాస్తే
పోలీసులు గుడ్డతోపాటు నన్నూ మడతపెడతరు.
స్వరూప చెప్పింది రాయాలంటే
మూడో దుప్పటి కావాలె.
బార్కాస్ నుంచి రెండు బస్సులు మారి వచ్చిన సాలం
గోడకానుకొని, చాయ్ ఊదుకుంటా,
"మూడు నెలల జీతం" అన్నడు.
అంతే. ముందు లేదు, వెనుక లేదు.

అందరం గుడ్డ దిక్కు చూసినం.

నేరేడుపండు రంగు జెర్సీ తీసేసి
బూడిద రంగు తొడిగినప్పుడు తిట్టుకున్నం గని మ్యాచ్‌కు పోయినం.
టికెట్టు నూటయాభై చేసినప్పుడు కూడా పోయినం.
ఇప్పుడు మా చార్‌కమాన్ క్లబ్బును
ఇంకో ఊరోళ్లకు బేరం పెట్టిండట.
గోలీ పిల్లగాడు, మిజోరం నుంచి వచ్చినోడు,
చిరిగిన గ్లౌజులకు సైకిల్ ట్యూబు అంటించుకుంటున్నడు.
నా పేరు మాత్రం రాయకండన్నా అని
పొద్దున ఫోన్ల బతిమాలిండు.

రేపు టికెట్టు కొనొద్దు.
తూర్పు గేటు బయట, గోడ పక్కన నిలబడాలె.
లోపల ఆట మనకెట్ల తెలుస్తదని స్వరూప అడిగితే
గ్రౌండ్ల నీళ్లు పట్టే మైసయ్య నవ్విండు:
"మీరు లేకుంటే లోపలేముంటది?
బంతిని తంతే దెబ్బ
రోడ్డు దాకా వినపడ్తది."
సరే, దెబ్బ వినపడ్డప్పుడల్లా చప్పట్లు కొడదాం.
మనమున్నమని ఆ పిల్లగానికి తెల్వాలె గద.

చాక్‌పీసుతోని గీతలు గీసిన.
ఎడమ దిక్కు నుంచి నేను తెలుగుల,
కుడి దిక్కు నుంచి సాలం ఉర్దూల,
రెండు టీములోలె ఎదురెదురుగ బయలెల్లినం.
"ఓనర్" అని రాసి కుంచె లేపిన.
"గారు పెట్టాలె గద?" అన్నడు సిల్వెస్టర్.
"ఎందుకు పెట్టాలె?" స్వరూప.
"మర్యాద మనది, అతనిది కాదు."
"మర్యాదకు కూడా జీతమియ్యడు."
అవతల సాలం తల గోక్కున్నడు,
"నా దిక్కు సాహెబ్ రాయాల్నా మరి?"

నేనేం మాట్లాడలే.
క్లబ్బు ఆఫీసుకు మొదటి బోర్డు రాసింది నేనే.
బంగారు రంగు, నీడలతోని, పద్దెనిమిది వందలు.
ఆరేండ్లాయె.
గారూ బాగున్నరా, గారూ మొన్న చెప్పిన,
గారూ మీకు వీలైనప్పుడే...
ఆ రెండక్షరాలు నా నోట్లనే అరిగిపోయినయి.
ఇంట్ల కూడా చెప్పలేదిది.
ఇయ్యాల కూడా చెప్పలే.
ఎర్ర రంగుల టర్పెంటైన్ కలిపి
రెండక్షరాల జాగ తెల్లగ వదిలి
ముందుకు పోయిన.

మూడు అని రాస్తుంటే డు కాడ చెయ్యి వణికింది.
ఎవ్వరూ చూడలేదు.
చూసినా, వయసనుకుంటరు.

రెండింటికి లెక్క చూసినం.
చందా ఆరు వందల నలభై,
అందుల చాయ్‌లకే రెండు వందల పది.
ఉద్యమమంటే ఇంత చాయ్ తాగాల్నా అని
మైసయ్య గొణుక్కుంటా పోయిండు.
ఒక్కొక్కరే షట్టర్ కింద వంగి బయటపడ్డరు.

సాలంకు బస్సు లేదు.
గుడ్డ పక్కనే ఒరిగిండు.
కాళ్లు చాపడానికి దుకాణంల జాగ లేదు,
ఎటు చూసినా పచ్చి రంగే.
ఆరిన చోటు ఒక్కటే ఉంది,
ఓనర్ పక్కన నేను వదిలింది.
నిద్రల మెల్లగ జరిగి
రెండు పాదాలు అక్కడ పెట్టిండు.

లేపుదామనుకున్న.
లైటార్పిన.